దివాన్‌గారి కోసుగడ్డ

ఒక చిన్న సంస్థానంలో ముప్పై రెండేళ్లు కొలువు చేసి, అందులో పదకొండేళ్లు దివాన్‌గా చక్రం తిప్పి, వెంకటరాయప్పగారు బసవనగుడిలో ఇల్లు కట్టుకుని విశ్రాంతి తీసుకోవడం మొదలుపెట్టి ఐదేళ్లయింది. విశ్రాంతి అన్నది పేరుకే. తెల్లారేసరికి పంచె ఎగగట్టి, పెరట్లో క్యాబేజీ మళ్లలో మట్టి గుల్ల చేస్తూ కనిపించేవారు.

ఆయనకు ఏ లోటూ లేదు, ఒక్క అనుమానం తప్ప. ఇన్నేళ్లలో ఆయన మాట కాదన్నవాడు లేడు. తను వేళాకోళమాడితే అది పూర్తికాకముందే అందరూ నవ్వేవారు. ఎవరింటి పెళ్లిలోనో తను శ్రుతి తప్పి పాడినా విన్నవాళ్లు కళ్లొత్తుకునేవారు. మరి తను కట్టించిన చెరువులు, వేయించిన రోడ్లు నిజంగా బాగున్నాయా, లేక అందరూ తలపాగాను చూసి తలూపారా? పోయేలోగా ఒక్కసారైనా ఒక నిఖార్సయిన మాట వినాలని ఆయన కోరిక.

ఒక క్యాబేజీని చూపించి తోటమాలి చిక్కమునియప్పను అడిగి చూశారు. మడివాళ నుంచి రోజూ నడిచొచ్చే మనిషి, మట్టి తెలిసినవాడు.

“ఏమప్పా, ఈ కోసుగడ్డ ఎట్లుండాది? నిజం చెప్పు.”

“మీరు పెంచినాక బాగుండక ఏమైతాది సామీ!”

“అదే వద్దంటా ఉండేది!” అని పార విసిరేశారు దివాన్‌గారు.

1946 జనవరిలో ఆ పేట తోటల సంఘంవాళ్లు సత్రంలో కూరగాయల పోటీ పెట్టారు. వెంకటరాయప్పగారికి ఉపాయం తట్టింది. తన చేత్తో పెంచినవాటిలోకెల్లా మేలైన క్యాబేజీని, గుండ్రంగా గట్టిగా ఒక్క మచ్చయినా లేనిదాన్ని, ఏరికోరి చిక్కమునియప్ప పేరుతో పంపించారు. తోటమాలి క్యాబేజీని ఎవరూ మొహమాటానికి మెచ్చుకోరు కదా! పోటీ నాటిదాకా రెండు రోజులూ మెట్రిక్ పరీక్ష రాసిన కుర్రాడికి మల్లే ఆయనకు అన్నం సయించలేదు.

పోటీ నాడు భార్య అక్కయమ్మగారితో సత్రంలో అడుగు పెట్టారో లేదో, సంఘం అధ్యక్షుడు నంజప్ప దండతో పరిగెత్తుకొచ్చాడు.

“తమ కోసుగడ్డకే మొదటి బహుమతి సామీ!”

“నేను పంపనే లేదు కదప్పా!”

బల్ల మీద చూస్తే ఒక పక్క సొట్టపోయి, ఆకులన్నీ జల్లెడలా చిల్లులు పడిన క్యాబేజీ ఒకటి కొలువు తీరి ఉంది. ముందు అట్ట మీద పెద్దక్షరాలతో ఆయన పేరు. దాని పక్కన రెండో బహుమతి: చిక్కమునియప్ప, మడివాళ. ఆ వెనక ఏ బహుమతీ రాని క్యాబేజీలు ఇరవై.

ఆయన మెల్లగా భార్య వైపు తిరిగారు. అక్కయమ్మగారు కొంగు సర్దుకున్నారు.

“ఏం జేసేది? ఊర్లో అందరి పేర్లూ ఉండి మీ పేరు లేకుంటే నాకు తలకొట్టేసినట్ల గాదా? పల్యం చేస్తామని వంటింట్లో పెట్టింటిమే, దాన్ని పంపిస్తి.”

దివాన్‌గారు ఆ క్యాబేజీని అందుకుని పై ఆకు ఒలిచారు. వేలెడంత పచ్చపురుగు తీరిగ్గా బయటికొచ్చింది.

“చూడు నంజప్పా.”

నంజప్ప చూశాడు. చేతులు కట్టుకున్నాడు. “ఆహా! తమ తోటలో పురుగు గూడా ఎంత లక్షణంగా ఉండాది సామీ!”

వెంకటరాయప్పగారు కడుపు పట్టుకుని నవ్వారు. ఆయన నవ్వారు కనుక సత్రమంతా నవ్వింది. మొదటి బహుమతి ఆ పురుగుకే ఇచ్చేయమని చెప్పి, రెండో బహుమతి అట్ట పట్టుకుని జట్కా ఎక్కారు. దారి పొడుగునా దాన్నే చదువుకున్నారు. ఆయన పేరు లేకుండా, తలపాగా లేకుండా, ఇరవైమందిని గెలిచింది అది. కళ్లు చెమర్చాయి కూడా. దాచడమెందుకు, దివానైనా మనిషే.

మర్నాడు పొద్దున అట్టను చిక్కమునియప్పకు చూపించారు.

“దీన్ని చిక్కపేటలో పటం కట్టించి మహారాజావారి పటం పక్కనే పెడతా.”

చిక్కమునియప్ప తల గోక్కున్నాడు. “అట్ల కుదరదు సామీ.”

“ఏమంటివి?”

“దాంట్లో ఉండేది నా పేరు. మా ఇంట్లోది అప్పుడే ఊరంతా చెప్పుకోనొచ్చింది. అట్ట మాకే కావల్ల.”

“పెంచింది నేను కదప్పా!”

“పెంచింది మీరే. ఇరుకిరుకుగా నాటి చెడగొట్టిందీ మీరే. మీరు లోపలికి పోయినాక సగం పీకి, ఎడం చేసి నిలబెట్టింది నేను.”

ఎన్నో సరిహద్దు తగాదాలు తీర్చిన దివాన్‌గారు అక్కడే గట్టు మీద కూచుని అరగంట బేరమాడారు. చివరికి ఆర్నెల్లు బసవనగుడిలో, ఆర్నెల్లు మడివాళలో అని ఒప్పందం కుదిరింది. మొదటి ఆర్నెల్లు ఎవరికన్న దగ్గర మళ్లీ పట్టు పడింది.

“మొదలు నాకే సామీ,” అన్నాడు చిక్కమునియప్ప. ఇక కదల్లేదు.

దివాన్‌గారు ఓడిపోయారు. అట్టను పాత పేపర్లో చుట్టి తన చేత్తోనే ఇచ్చి, గబగబా వంటింటి గడప దగ్గరికొచ్చారు.

“ఏమే, వింటివా? వాడు నాకు కుదరదనె! నా మొహం మీదనే అనె!”

ఆయన ముఖం వెలిగిపోతోంది.

“రెండు లోటాలు కాఫీ ఇయ్యి,” అన్నారు. “ఒకటి వానికి.”