ఇసుక షెడ్డులో పాలు

ఇసుక దుమ్ములో పనిచేసేవారు రోజూ గ్లాసెడు పాలు తాగితే, ఊపిరితిత్తులలో చేరిన దుమ్మంతా కడుక్కుపోతుందని ఆ గాజు ఫ్యాక్టరీలో నమ్మనివారు లేరు. దేశదేశాలలో కిటికీ అద్దాలూ, గోడపలకలూ అమ్మే ఆ పాత కంపెనీ మూడు తరాలుగా షిఫ్టు చివర పాలు పోయిస్తోంది. ముక్కుకు కట్టుకునే మాస్కులు మాత్రం ఫ్యాక్టరీ చూడవచ్చిన అతిథులకే ఇస్తుంది.

ఒక మధ్యాహ్నం ఆ ఫ్యాక్టరీ ఇసుక షెడ్డులో, జల్లెడలో ఇసుక కుమ్మరిస్తూనే ఒక కూలీ ఆవిడ దగ్గుతో కూలబడింది. పక్కనే పనిచేస్తున్న ఆడపడుచు పార పడేసి, ఆమె వీపు రాస్తూ విసుక్కుంది.

“ఎన్నిసార్లు మొత్తుకున్నాను వదినా? నీ వంతు పాలు సీసాలో పోసి ఇంట్లో పిల్లకి మోశావు. దాని బుగ్గలు నిండాయి, నీ డొక్కలు ఎండాయి.”

తప్పు తనదేనని ఆమె కూడా నమ్మింది.

మేస్త్రీ రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని వచ్చాడు. “రేపు కంపెనీ డాక్టరుగారి ముందు, పాలు తాగలేదని నీ నోటితో ఒప్పుకో. జబ్బు నీ స్వయంకృతం, కంపెనీకి సంబంధం లేదు. ఒప్పుకుంటే ఆఫీసు ఊడ్చే పని ఇప్పిస్తాను. కాదంటావా, ఎల్లుండి నుంచి రానక్కర్లేదు.”

“చెబుతాలే అయ్యా. అబద్ధం కాదుగా.”

మర్నాడు డాక్టరు గదిలో ఆమె పక్కన ‘పాలపీపా’ కూర్చున్నాడు. అదే షెడ్డులో ఆమెతోపాటే చేరినవాడు. తన వంతే కాక, పాలు గిట్టనివాళ్ళ వంతూ తాగి ఆ పేరు తెచ్చుకున్నాడు. మెట్లెక్కిన ఆయాసం అతనికింకా తీరలేదు.

డాక్టరు ఇద్దరి ఎక్స్‌రే ఫిలింలూ కిటికీ వెలుతురుకు పట్టాడు. రెంటిలోనూ పిడికెడు ఇసుక చల్లినట్టు తెల్లని చుక్కలు. అటు చూసి, ఇటు చూసి, “వీటిలో ఎవరిదేది?” అని మేస్త్రీని అడిగాడు.



“మీగడ కట్టింది నాదండీ,” అన్నాడు పాలపీపా. నవ్వబోతే దగ్గుతెర ముంచుకొచ్చింది.

అది తగ్గేదాకా ఆమె ఫిలింల వంకే చూసింది.

“నువ్వు పాలు తాగేదానివి కాదటగా?” డాక్టరు కలం తీశాడు. గుమ్మంలోంచి మేస్త్రీ కళ్ళతో సైగ చేశాడు.

“ఆ మాట చెప్పమన్నారండి. నేను చెప్పను,” అంది ఆమె మెల్లగా. “ఈ అన్న రోజూ తాగాడుగా. అతనికేం రాస్తారో నాకూ అదే రాయండి.”

కలం కదలలేదు.

తాగిన పాలు కడుపులోకి పోతాయి. పీల్చిన ఇసుక ఊపిరితిత్తులలోకి పోతుంది. గొంతు దాటాక ఈ రెండు దారులూ మరెక్కడా కలవవు.