సాయంత్రానికల్లా కాగితం

నజ్మియె దుప్పటి రెండు మూలలు గడ్డం కింద నొక్కిపట్టి, తక్కిన రెండు మూలలు చేతులు బారచాపి కలిపి, ఒక్క విదిలింపుతో మడత పెట్టేసింది. జర్మనీలోని డూయిస్‌బుర్గ్‌లో ఆస్పత్రుల దుప్పట్లు ఉతికే లాండ్రీలో ఇరవై తొమ్మిదేళ్ళుగా ఆవిడ పని ఇదే. ఇంట్లో దుప్పటి మడవడానికి ఆలోచన కూడా అక్కర్లేదు. చేతులు ఇక్కడ ఉన్నా, మనసు అప్పుడే ట్రామెక్కి వెళ్ళిపోయింది. ఈ రోజు శనివారం. యాభై ఆరేళ్ళ మనిషి పొద్దుట నాలుగింటికే లేచి, తలకు కట్టుకునే గుడ్డ మూడుసార్లు మార్చింది.

వంటింట్లో ఆవిడ భర్త రిఫత్ మూడో గ్లాసు టీ తాగి, చెంచాను గ్లాసు మీద అడ్డంగా పెట్టాడు. అలా పెడితేనే చాలని లెక్క. పెట్టనంతకాలం వాళ్ళిళ్ళల్లో పోస్తూనే ఉంటారు.

"ఏమే, నిజంగానే పోతున్నావా?"

"గుడ్డ కట్టుకుని సంచీ తగిలించుకున్నాక అడుగుతావేంటయ్యా? మాట మీదున్నావా లేదా?"

"ఉన్నా. అయిదింటికి ఆ సెర్హత్ బండి కొనుక్కోవడానికి వస్తాడు. ఆలోపు కాగితం చూపిస్తే వ్యాను అమ్మను. తేలేకపోయావనుకో, తర్వాత నన్ను ఆడిపోసుకోకు."

"నువ్వు తాళంచెవి తుడిచి పెట్టుకో."

ఆ వ్యాను రెండేళ్ళుగా పెరట్లో కదలకుండా ఉంది. రిఫత్‌కి ఎదురుగా ఉన్నది కనబడడం మానేసింది, పక్కనున్నది మాత్రమే మసకగా ఆనుతుంది. తన లైసెన్సు తనే తీసుకెళ్ళి ఇచ్చేశాడు. అయినా రోజూ ఓ అరగంట డ్రైవరు సీట్లో, తన పూసల పరుపు మీద, ఇంజను వెయ్యకుండా కూర్చుంటాడు. ఇరవై నాలుగు వేసవులు ఆ బండిలోనే మూడేసి రోజులు ప్రయాణం చేసి టర్కీలో, సివాస్ దగ్గరి వాళ్ళ సొంతూరికి వెళ్ళారు. నజ్మియె ఎప్పుడూ పక్క సీటే. కీరా దోసకాయలు తొక్క తీసి ఉప్పద్ది అందించేది, సరిహద్దుల్లో పాస్‌పోర్టులు చూపించేది, ఆయనకు కునుకు రాకుండా ఊళ్ళోవాళ్ళందరి గుట్లూ రట్టు చేసేది. దారిలో ప్రతి మలుపూ ఆవిడకు తెలుసు. స్టీరింగు మాత్రం దుమ్ము తుడవడానికి తప్ప ముట్టుకోలేదు.

ఇప్పుడు ముట్టుకోవాలంటే మొదట ప్రథమ చికిత్స నేర్చుకున్నట్టు కాగితం కావాలి. అది లేకపోతే లైసెన్సు దరఖాస్తే తీసుకోరు. కంటి పరీక్ష కాగితం, ఫోటో సంచీలో సిద్ధంగా ఉన్నాయి.

క్లాసులో పద్నాలుగు మంది. నజ్మియె తప్ప అందరూ మొన్నమొన్నటిదాకా బడికెళ్ళిన వాళ్ళే. నేర్పే ఆవిడ పేరు వీబ్కె, చాలా ఏళ్ళు అంబులెన్సులో పనిచేసిన భారీ మనిషి. రాగానే గోడగడియారం వైపు వేలు చూపించింది.

"ముందే చెబుతున్నా. నాలుగింటిదాకా కూర్చున్నవాళ్ళకే కాగితం. పది నిమిషాలు ముందు లేచినా ఇవ్వను. తర్వాత నన్ను బతిమాలకండి."

తర్వాత ఒక రబ్బరు బొమ్మను నేలమీద పడుకోబెట్టింది. "ఈయన రోడ్డు మీద పడిపోయాడు. మీరు ముందు ఏం చేస్తారు?"

నజ్మియె చెయ్యి అందరికన్నా ముందు లేచింది. ఇంత తేలికైన ప్రశ్నా అని ఆవిడకు లోలోపల సంబరం. బొమ్మ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, సంచీలోంచి నిమ్మకాయ కొలోన్ సెంటు సీసా తీసి, దోసిట్లో ఒంపుకుని, బొమ్మ కణతలకీ మణికట్లకీ ముక్కు కిందా బాగా రాసింది. పెళ్ళిలో పడిపోయినా, చావింట్లో పడిపోయినా, బస్సులో కళ్ళు తిరిగినా వాళ్ళవాళ్ళు చేసేది అదే. గదంతా నిమ్మవాసన. పిల్లలు పడీపడీ నవ్వారు.

వీబ్కె కూడా నవ్వు ఆపుకోలేకపోయింది. "ఈయన ఈ ఏడంతా ఘుమఘుమలాడతాడు, సందేహం లేదు. కానీ లేవడండీ."

"మావాళ్ళు లేస్తారండీ," అంది నజ్మియె, సిగ్గుతో మొహం ఎర్రబడినా పట్టు వదలకుండా.

"ముందు భుజాలు పట్టుకుని గట్టిగా పిలవాలి. నా మాట వినబడుతోందా అని. పలక్కపోతే, ఊపిరి ఆడకపోతే, సాయానికి ఫోన్ చేయించి గుండె మీద నొక్కాలి. ఆపకుండా."

నొక్కడం మొదలయ్యాక కథ మారింది. పిల్లలు రెండు నిమిషాలకే చేతులు పడిపోతున్నాయని కూలబడ్డారు. డ్రమ్ములోంచి తడి దుప్పట్లు లాగి ఇస్త్రీ రోలరుకు అందించిన చేతులు నజ్మియెవి. సెకనుకి రెండు చొప్పున, లాండ్రీ మిషను లయలో, ఆవిడ నొక్కుతూనే ఉంది. చాలమ్మా చాలు అని వీబ్కె చెప్పేదాకా ఆపలేదు. వెనకనుంచి చప్పట్లు. జీవితంలో ఆవిడకోసం ఎవరైనా చప్పట్లు కొట్టడం అదే మొదటిసారి, ఎటు చూడాలో తెలియలేదు.

రెండింటికి విరామంలో ఫోను మోగింది.

"వాడు అప్పుడే వచ్చేశాడే," అన్నాడు రిఫత్, గొంతు తగ్గించి. "అయిదింటికి వేరే పనుందట. బండి తీసుకుపోతానని కూర్చున్నాడు."

నజ్మియె గోడగడియారం వైపు చూసింది. ఇప్పుడు లేస్తే ముప్పావుగంటలో ఇంట్లో ఉంటుంది, కాగితం లేకుండా. కాగితం లేకుండా వెళ్ళి ఏం చెబుతుంది?

"నువ్వేమన్నావు?"

"ఇంటికొచ్చినవాణ్ణి ఏమంటాను? టీ పోశాను."

"పోస్తూనే ఉండు. చెంచా అడ్డం పెట్టేదాకా ఆపకు."

"వాడిక్కడే పుట్టి పెరిగాడే. చెంచా సంగతి వాడికేం తెలుసు?"

"అయితే మరీ మంచిది!" అని ఫోను పెట్టేసింది.

తర్వాతి రెండు గంటలూ ఆవిడ కట్లు కట్టింది, కట్టించుకుంది. ఒక అమ్మాయి ఆవిణ్ణి పక్కకు తిప్పి పడుకోబెట్టినప్పుడు, స్పృహ తప్పిన మనిషి గడియారం చూడకూడదని వీబ్కె కోప్పడింది. నాలుగయింది. ముద్ర పడిన కాగితం చేతికి రాగానే నజ్మియె వీబ్కెని కావలించుకుని, కొలోన్ సీసా చేతిలో పెట్టేసి పరుగెత్తింది.

పెరట్లో ప్లాస్టిక్ కుర్చీలో సెర్హత్ ఉబ్బిపోయిన మొహంతో కూర్చుని ఉన్నాడు. నలభై దాటిన మనిషి, ఏడుపొక్కటే తక్కువ. రిఫత్ గ్లాసు అంచు వేలితో తడుముకుంటూ మళ్ళీ పోస్తున్నాడు.

"పిన్నీ, వచ్చావా! ఇది పదకొండోది. వద్దంటే మొహమాటపడకంటాడు బాబాయి."

నజ్మియె సాసర్లోంచి చెంచా తీసి అతని గ్లాసు మీద అడ్డంగా పెట్టింది. రిఫత్ వేలు చెంచాకు తగలగానే కెటిల్ కిందికి దిగింది.

"ఇంతేనా?" అన్నాడు సెర్హత్ నోరు తెరిచి. "ఇంత చిన్న పనికి నేను రెండు గంటలకు పైగా..."

"ఏమనుకోకు నాయనా. బండి అమ్మడం లేదు."

అతను ఏమీ అనుకోలేదు. బాత్రూం ఎక్కడో అడిగి, లోపలికి పరుగుతీసి, కాసేపటికి తేలిగ్గా బయటపడి వెళ్ళిపోయాడు.

రిఫత్ కాగితం అందుకుని, మొహం పక్కకు తిప్పి, కంటి చివరనుంచి చూడబోయాడు. ఆనలేదు. నజ్మియె ఆయన వేలు పట్టుకుని ముద్ర మీద పెట్టింది. ఆయన కాగితం తిరిగిచ్చేసి, వెళ్ళి వ్యానులో, తన సీట్లో కూర్చుని తలుపేసుకున్నాడు. రెండు చేతులూ స్టీరింగు మీద. నజ్మియెకి భయం వేసింది. వెళ్ళి అద్దం మీద కొట్టింది.

"ఏమయ్యా! నా మాట వినబడుతోందా?"

"అంతలా అరుస్తావేంటే? చెవులు బానే ఉన్నాయి."

ఆయన దిగాడు. బండిని చేత్తో తడుముకుంటూ ముందునుంచి చుట్టూ తిరిగి వెళ్ళి, రెండో తలుపు తీసి, ఇరవై నాలుగు వేసవులు ఆవిడ కూర్చున్న సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకున్నాడు.

"నేర్చుకో మరి తొందరగా," అన్నాడు. "కీరా తొక్క తీసేది ఇక నేనేగా."

డ్రైవరు సీటు మీద ఆయన పూసల పరుపు అక్కడే ఉంది, నడుమంతా అరిగి నునుపెక్కి, ఇంకా వెచ్చగా.