ఓడ టికెట్ల మీద అభ్యంతరం

భవానీదేవి ముప్ఫయ్యొక్క సంవత్సరాలు రిజిస్ట్రారు ఆఫీసుల్లో పనిచేసి, కొత్తపేటలో సీనియర్ అసిస్టెంటుగా రిటైరైంది. చేతికొచ్చిన ప్రతి దస్తావేజునీ ముందు దొంగదనే అనుకుని, కాదని తేలాకే పక్కన పెట్టడం ఆవిడ పద్ధతి. ఆ పద్ధతి పుణ్యమా అని, చచ్చిపోయినవాళ్ళ పేరున వేసిన దొంగ వేలిముద్రలు రెండుసార్లు పట్టుకుంది. అందుకని తన అనుమానం మీద ఆవిడకి గొప్ప నమ్మకం.

భర్త గంగాధరరావు అందుకు పూర్తిగా వేరు. పలివెల దారిలో నాలుగెకరాల కొబ్బరితోట, చెట్ల మధ్య కోకో, మధ్యాహ్నం ఒక కునుకు. ఎవరేం చెప్పినా "ఆయ్, అంతేనండి" అనేసే మనిషి. అంతర్వేదిలో ఒడ్డున నిలబడి ఎన్నోసార్లు సముద్రం చూశాడు గానీ, ఒడ్డు కనపడనంత దూరం పోయి చూడాలని ఆయన కోరిక. భవానీదేవి కోరిక ఇంకొకటి. ద్రాక్షారామం మాణిక్యాంబతో మొదలుపెట్టి అష్టాదశ పీఠాల్లో పదకొండు చూసింది. లంకలో ఉన్న శాంకరీదేవిని చూడలేదు. చెన్నైలో ఓడ ఎక్కితే ఐదు రాత్రుల్లో ట్రింకోమలీ చూపించి తీసుకొస్తారని తెలిసేసరికి ఇద్దరి కోరికలూ ఒక్క టికెట్టులో ఇమిడిపోయాయి.

ఆ టికెట్లు అమలాపురంలో వీరవేణి దగ్గర తీసుకున్నారు. వీరవేణికి ముప్ఫై అయిదేళ్ళుంటాయి. గడియార స్తంభానికి కాస్త అవతల, జిరాక్సు షాపు పక్క గదిలో ట్రావెల్సు నడుపుతోంది. ఇంతకుముందు వీళ్ళని కాశీకి పంపింది కూడా ఆవిడే. ఓడ టికెట్లు అమ్మడం మాత్రం ఆవిడకీ కొత్తే. ఓడలో రెండు రకాల గదులున్నాయని, సముద్రం వైపు కిటికీ ఉన్న గదికి చాలా ఎక్కువవుతుందని చెప్పింది. గంగాధరరావు కిటికీ అన్న మాట వినగానే కాస్త ముందుకు జరిగి కూర్చున్నాడు గానీ, భవానీదేవి రేటు చూసి లోపలి గదే చాలంది. పడుకోవడానికే కదా గది, కిటికీ ఎందుకంది. ఆయన వెనక్కి జరిగి కూర్చున్నాడు. ఆ రేటుకి మర్నాడే ఆఖరు తేదీ అని వీరవేణి చెబితే, ఆ సాయంత్రమే మొత్తం డబ్బు కట్టేశారు.

సరిగ్గా పద్దెనిమిది రోజుల తర్వాత రాజోలు నుంచి లక్ష్మీతులసి ఫోను చేసింది. భవానీదేవికి కాలేజీ రోజుల నుంచీ స్నేహితురాలు. వాళ్ళూ అదే ఓడకి, అదే రోజుకి, అదే లోపలి గదికి కాకినాడలో ఎవరి దగ్గరో టికెట్లు తీసుకున్నారట. సంతోషంగా కబుర్లు చెబుతూ చెబుతూ ఎంతయిందో కూడా చెప్పింది. మనిషికి పదహారు వేలు తక్కువ.

ఫోను పెట్టేశాక భవానీదేవి బీరువాలోంచి టికెట్ల కాగితాలు తీసి, కిటికీ దగ్గర వెలుతురులో కూర్చుని, అక్షరం వదలకుండా చదివింది. రసీదు ఓడ కంపెనీ పేరు మీద లేదు, ట్రావెల్సు పేరు మీద ఉంది. డబ్బు కట్టిన తేదీకీ కంపెనీకి చేరిన తేదీకీ ఒక రోజు తేడా. గది నంబరు ఉండాల్సిన చోట నంబరే లేదు, తర్వాత కేటాయిస్తామని ఒక ముక్క ఉంది. ఇవన్నీ మొదటిసారి చదివినప్పుడూ ఉన్నాయి. అప్పుడు మామూలుగా కనపడ్డాయి.

భోజనాల దగ్గర భర్తతో చెప్పింది. ఆఖరు తేదీ అని తొందరపెట్టి మనచేత కట్టించిందని, ఆ తర్వాత తక్కువకి కొని తేడా మింగేసిందని. గంగాధరరావు పెరుగన్నం కలుపుకుంటూ, ఆ అమ్మాయి అలాంటిది కాదన్నాడు. కాశీలో తనకి జ్వరమొస్తే ఆ అమ్మాయి ఫోన్లోనే డాక్టరుని కుదిర్చి, రోజుకి రెండుసార్లు కనుక్కుందని గుర్తుచేశాడు. తను పట్టుకున్న దొంగ దస్తావేజులు రాసినవాళ్ళందరూ అడక్కుండానే మంచినీళ్ళు తెచ్చిచ్చినవాళ్ళేనంది భవానీదేవి.

మర్నాడు పదింటి బస్సుకి అమలాపురం వెళ్ళింది. ట్రావెల్సు గదికి తాళం వేసి ఉంది. జిరాక్సు షాపు ఏసుపాదం, ఆవిడ బ్యాంకుకెళ్ళిందని, వచ్చేస్తుందని చెప్పి స్టూలు వేశాడు. బ్యాంకు అన్న మాట భవానీదేవి మనసులో ఒక పక్కన వేసుకుంది. అరగంటకి వీరవేణి వచ్చి తలుపు తీసింది. లోపల గోడకి కొత్త ఏసీ. పోయిన నెల అది లేదు.

భవానీదేవి ఏసీ కింద కూర్చుని, లక్ష్మీతులసి చెప్పిన సంగతి చెప్పింది. వీరవేణి ఆశ్చర్యపడుతుందనో, అబద్ధమంటుందనో అనుకుంది. వీరవేణి రెండూ చెయ్యలేదు.

"రేటు తగ్గిందండి. పది రోజులయ్యింది. చూసేను."

"చూసి చెప్పలేదా?"

"ఒక నాలుగు రోజులాగండి మేడంగారూ. నేనే ఫోను చేస్తాను."

ఎందుకాగాలని అడిగితే, కంపెనీవాళ్ళతో మాట్లాడుతున్నానని, తేలాక చెబుతానని అంది. ఏం మాట్లాడుతున్నావంటే తేలాకే చెబుతానంది. ఆ మాట చెప్పేటప్పుడు కంప్యూటరు వైపు చూసింది గానీ భవానీదేవి మొహం వైపు చూడలేదు. టీ తెప్పిస్తానంటే భవానీదేవి వద్దని లేచింది.

ముక్కామల దాటేదాకా బస్సులో అదే ఆలోచన. పది రోజుల కిందటే తెలుసు. దాచింది. నాలుగు రోజులు గడువడుగుతోంది. గడువు అడిగినవాళ్ళు ఆ గడువులో ఏం చేస్తారో భవానీదేవికి తెలుసు. పాత కాగితాలు మాయమవుతాయి, కొత్త కాగితాలు పుడతాయి.

నాలుగు రోజులు కాదు, నాలుగు గంటలు కూడా ఆగలేదు. ఇంటికొచ్చి, టికెట్టు కింద ఉన్న నంబరుకి ఫోను చేసింది. అవతల ఎవరో అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది. మొత్తం కట్టేశాక రేటు తగ్గినా డబ్బు వెనక్కి ఇవ్వరు. ఇప్పుడు రద్దు చేసుకుంటే సగం పోతుంది. మిగతా ఏ విషయమైనా ఏజెంటు ద్వారానే అడగాలి. సరేనని పెట్టేయబోతుంటే, ఆ అమ్మాయి ఇంకొక మాట చెప్పింది. ఈ బుకింగులో మార్పు కోసం ఏజెంటు పంపిన దరఖాస్తు ఒకటి పెండింగులో ఉందట. ఏం మార్పని అడిగితే, ఆ వివరాలు ఏజెంటుకే చెబుతామంది.

భవానీదేవి ఫోను పెట్టేసింది. మా టికెట్లలో మాకు తెలియకుండా మార్పేంటి? రద్దు చేసి, తగ్గిన రేటుకి మళ్ళీ కొని, మిగిలింది జేబులో వేసుకోవడానికి తప్ప ఇంకెందుకు?

రిజిస్ట్రేషను జరగబోయే ఆస్తి మీద తగాదా ఉంటే, ముందుగా అభ్యంతరం రాసిచ్చేవాళ్ళని ఆవిడ వందలమందిని చూసింది. అలాంటి కాగితం ఒకటి తనే తయారుచేసింది. ప్రయాణికులమైన మా ఇద్దరి రాతపూర్వక అనుమతి లేనిదే ఈ బుకింగులో ఏజెంటు కోరే ఏ మార్పునూ అంగీకరించరాదని, ఆఫీసు ఇంగ్లీషులో, ఎక్కడా సందు లేకుండా రాసింది. కింద తన సంతకం పెట్టి, తోట నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్న భర్త ముందు పెట్టింది.

ఏంటిదని అడిగాడాయన. టికెట్ల గురించేనంది. ఆయన తడిచేతులు తువ్వాలుకి తుడుచుకుని, చదవకుండా సంతకం పెట్టాడు. సాయంత్రం ఆరు లోపు ఆ కాగితం బజార్లో స్కాన్ చేయించి కంపెనీకి మెయిలు పంపేసింది. ఆ రాత్రి హాయిగా నిద్రపట్టింది.

అయిదో రోజు ఉదయం వీరవేణి స్కూటీ మీద కొత్తపేట వచ్చింది. గంగాధరరావు తోటలో కాయ దింపిస్తున్నాడు. భవానీదేవి వరండాలో కుర్చీ చూపించింది గానీ మంచినీళ్ళు ఇవ్వలేదు. వీరవేణి సంచిలోంచి ఒక కాగితం తీసి ఆవిడ చేతిలో పెట్టింది. కంపెనీ నుంచి వచ్చిన మెయిలు. ప్రయాణికులు రాతపూర్వకంగా అభ్యంతరం తెలిపినందున, సముద్రం వైపు కిటికీ ఉన్న గదికి అదనపు రుసుము లేకుండా మార్చమన్న మీ దరఖాస్తును తిరస్కరిస్తున్నాం.

భవానీదేవి ఆ వాక్యం మూడుసార్లు చదివింది. ఎక్కడ పట్టుకుని చూసినా అది దొంగ కాగితంలా లేదు.

వీరవేణి నెమ్మదిగా చెప్పింది. రేట్లు తగ్గాక కిటికీ గది ధర, వీళ్ళు లోపలి గదికి కట్టినంతకే దిగింది. డబ్బు వెనక్కి ఇవ్వరు గనక, అదే డబ్బుకి పెద్ద గది ఇమ్మని అడిగింది. చెన్నైలో ఆఫీసరు ఒకాయన చూస్తానన్నాడు. ఆయన చుట్టూ పది రోజులు ఫోన్లు చేసింది. రేపో ఎల్లుండో అయిపోతుందనగా వీళ్ళ అభ్యంతరం వెళ్ళింది.

"మొన్న వచ్చినప్పుడు ఈ ముక్క చెబితే ఏం పోయిందమ్మాయ్?"

"చెప్పాల్సిందండి. తప్పే." వీరవేణి కొంగు వేలికి చుట్టుకుంది. "పోయినేడు కాశీ వెళ్ళిన ఇంకో జట్టోళ్ళకి అందరికీ కింద బెర్తులొస్తాయని మాటిచ్చేనండి. రాలేదు. ఆఫీసుకొచ్చి నలుగురిలో దొంగదన్నారు. అప్పణ్ణించి చేతికి రాందే ఏదీ చెప్పడం మానేసేను."

దొంగ అన్న మాట దగ్గర భవానీదేవి చూపు నేలమీదకి దిగింది. ఆ మాట తను నోటితో అనలేదు. రాసి, సంతకం పెట్టి, ఇంకొకరి చేత కూడా పెట్టించి పంపింది.

"అదనుకోలేదమ్మా నేను," అంది.  ఏసీ సంగతి అడగడానికి నోరు రాలేదు. లోపలికెళ్ళి మంచినీళ్ళు తెచ్చి, పెసరట్టు కూడా వేస్తానంది. వీరవేణి నీళ్ళు మాత్రం తాగింది.

ఆ పూటే అభ్యంతరం వెనక్కి తీసుకుంటున్నట్టు భవానీదేవి ఇంకో కాగితం రాసింది. వీరవేణి అక్కడే కూర్చుని చెన్నైకి ఫోను చేసింది. కిటికీ గదులు నిన్నటితో నిండిపోయాయన్నారు. ఎవరైనా మానుకుంటే చూస్తామన్నారు. ఎవరూ మానుకోలేదు. మరో వారం తిరిగాక, ఓడలో ఖర్చుపెట్టుకోవడానికి మాత్రం ఇద్దరికీ కలిపి ఏడు వేలు ఇస్తామని కాగితం వచ్చింది. అది రాగానే వీరవేణి ఫోను చేసి, ఇది నమ్మకంగా వచ్చేసిందని, ఫోన్లోకి పంపుతున్నానని, ప్రతి లైనూ చూసుకోమని చెప్పింది. ఆ చివరి మాటలో ఎగతాళి ఉందేమోనని భవానీదేవి వెతికింది. కనపడలేదు.

భర్తకి చెప్పడమే కష్టమైంది. దాచేద్దామని కూడా అనుకుంది. ఆయనకి ఎలాగూ తెలియదు, సంతకం పెట్టిన కాగితమేంటో ఎప్పుడూ అడగడు. చివరికి అదే ఆవిణ్ణి నిలవనివ్వలేదు. వీరవేణి వచ్చి వెళ్ళిన మధ్యాహ్నమే, కునుక్కి నడుం వాల్చబోతున్న మనిషిని ఆపి, మొదటి నుంచీ చెప్పింది. సంతకం దాకా వచ్చేసరికి గొంతు తగ్గింది.

గంగాధరరావు మంచం అంచున కూర్చున్నాడు. "అయితే కిటికీ గది వచ్చేదన్నమాట," అన్నాడు.

"ఆయ్."

"నేనే వద్దని సంతకం పెట్టేనన్నమాట."

భవానీదేవికి ఆయన కోప్పడితే బాగుండుననిపించింది. ఆయన కోప్పడలేదు గానీ, ఆ రోజు కునుకు తియ్యకుండా మళ్ళీ తోటకి పోయాడు. మూడు రోజులపాటు ఏమడిగినా అడిగినదానికే జవాబు చెప్పాడు. నాలుగోరోజు ఆయనే, వీరవేణికి గెల ఒకటి పంపించాలన్నాడు. చక్కెరకేళి గెల ఏసుపాదం షాపు దగ్గర దింపించాడు.

ఆషాఢం చివర్లో ఓడ ఎక్కారు. లోపలి గది తలుపు వేస్తే పగలో రాత్రో తెలియలేదు. మొదటి పొద్దున భవానీదేవి లేచేసరికి పక్క మంచం ఖాళీగా ఉంది. పై అంతస్తుకి వెళ్ళి వెతికితే, గంగాధరరావు తెల్లారుతున్న సముద్రానికి ఎదురుగా కుర్చీ వేసుకుని, గాలికి తువ్వాలు తలకి చుట్టుకుని కూర్చున్నాడు. నాలుగింటికే వచ్చేశానన్నాడు. చుట్టూ ఎటు చూసినా ఒడ్డు లేదు. ఆవిడ ఇంకో కుర్చీ లాక్కుంది. బాగుందా అని అడగాలనుకుంది, అడగలేదు. ఆయనకి గాలి పడక మధ్యాహ్నానికి తుమ్ములు మొదలయ్యాయి. అయినా గదికి రానన్నాడు. ఆవిడ శాలువా, మాత్ర తెచ్చి ఇచ్చింది.

ట్రింకోమలీలో కొండ మీద శాంకరీదేవి దర్శనమైంది. కళ్ళు మూసుకుని నిలబడ్డప్పుడు భవానీదేవికి కోరుకోవడానికి ముందుగా తట్టింది వీరవేణి వ్యాపారం. తనకే విచిత్రమనిపించింది. అమ్మవారికి చెప్పుకుని బయటికి వచ్చింది.

కంపెనీ ఇచ్చిన ఏడు వేలల్లో, గుడికి తీసుకెళ్ళిన ఓడవాళ్ళ బస్సుకి పోగా మిగిలింది కాఫీలకి సరిపోయింది. రోజుకి రెండు పూటలా, పై అంతస్తులో, ఇద్దరికీ. లోకంలో ఎక్కడా కాఫీకి అంత ధర ఉండదని భవానీదేవి ప్రతిసారీ అంది. గంగాధరరావు ప్రతిసారీ ఆయ్ అన్నాడు. అప్పటికి ఆయన మాటలు మామూలుగానే వస్తున్నాయి. ఎప్పుడు మొదలయ్యాయో ఆవిడ గమనించలేదు.

ఆఖరి ఉదయం గది తలుపు కింద బిల్లు పడేశారు. భవానీదేవి కళ్ళజోడు పెట్టుకుని లైను లైనూ చదివింది. మూడో రోజు సాయంత్రం రెండు కాఫీలకి మూడు రాశారు. చదవడం అయ్యాక కాగితం ఒళ్ళో పెట్టుకుని కాసేపు కూర్చుంది. పోనిద్దామా అనుకుంది. తర్వాత లేచి కింది అంతస్తులో కౌంటరు దగ్గరికి వెళ్ళి, వరసలో నిలబడి, తన వంతు రాగానే ఆ అబ్బాయికి బిల్లు చూపించి, మేము తాగింది రెండు, ఇక్కడ మూడుంది, ఎందుకో చెబుతావా నాయనా అని అడిగింది.

అతను చూసి, పక్క బల్లవాళ్ళది కలిసిపోయిందండి, సారీ అని తీసేశాడు. నిమిషం కూడా పట్టలేదు.

పైకొస్తే గంగాధరరావు రైలింగు దగ్గర నిలబడి, అప్పుడే కనపడుతున్న చెన్నై రేవు వైపు చూస్తున్నాడు. ఏమన్నారని అడిగాడు. తీసేశారని చెప్పింది. ఇద్దరూ ఓడ ఆగేదాకా అక్కడే నిలబడ్డారు.