వెల్లుల్లి వాసన పురుగు

మా బావ డెల్బర్ట్‌కు వెల్లుల్లి గిట్టదు. పెళ్లయిన నాటి నుంచి మా అక్క అర్లీన్ దాన్ని వంటింట్లోకి రానివ్వలేదు. అలాంటి మనిషి ఆ శనివారం పొద్దున సరస్సు దగ్గరి చేపల ఎరల కొట్టులో, వెల్లుల్లి వాసన పట్టించిన ప్లాస్టిక్ పురుగుల పొట్లం పట్టుకుని నిలబడ్డాడు.

పక్షవాతం వచ్చాక బావ కుడిచెయ్యి మాట వినడం మానేసింది. కాళ్లు బాగానే ఉన్నాయి, పెడళ్లతో నడిచే తన చిన్న పడవ, కయాక్, తొక్కుకుంటూ చేపలకు వెళ్లగలడు. అయితే అక్క ఒక మెలిక పెట్టింది.

"పురుగు నీ అంతట నువ్వే కొక్కేనికి గుచ్చుకోవాలి. నీళ్ల మధ్యలో నీకెవరొచ్చి గుచ్చుతారు? చేతకాకపోతే సోమవారం కయాక్ అమ్మేస్తా." నావైపు తిరిగింది. "రేయ్ వెస్లీ, నువ్వు వేలు పెట్టావో, థాంక్స్‌గివింగ్ పండక్కి మా గడప తొక్కకు."

ఒంటిచేత్తో అది కుదరదని ఆమెకు తెలుసు. మనిషి నీళ్లపాలవుతాడని ఆమె భయం. సరస్సు లేకపోతే కుర్చీలోనే కుంగిపోతాడని నా భయం.

కొట్టులో బావ బెండకాయలు ఏరేవాడిలా ఒక్కో పురుగునూ ఎడమచేత్తో వంచి, సాగదీసి చూశాడు.

"బావా, ఆ పొట్టిది తీసుకో. నడుముకు గుచ్చేస్తే సరి, ఒక్క చెయ్యి చాలు."

"కొక్కెం మొన బయటుంటే నాచు పట్టాలా, చేపలు పట్టాలా? నువ్వు రోజూ నాచే పట్టుకొస్తావు గనక నీకు తేడా తెలీదులే."

నిజమే. మా సరస్సు నిండా నాచు. కొక్కేన్ని పురుగు తలలో దింపి, బయటికి లాగి, తిప్పి, మొనను మళ్లీ దాని ఒంట్లోనే దాచాలి. రెండు చేతుల పని. చివరికి అతను ఊదారంగు పొట్లం ఒకటి ఎంచుకుని, వాసన చూసి మొహం చిట్లించాడు.

"నీకు వెల్లుల్లి గిట్టదుగా?"

"తినేది చేప. నేనా?"

సరస్సులో తన కయాక్‌లో నాకు వీపు తిప్పి కూర్చున్నాడు. సాయం చేయడానికి నా చేతులు ఒకటే దురద పెట్టాయి. "అయిందా బావా?" అన్నాను. పలకలేదు. మళ్లీ పిలిచాను. గబగబా నా కయాక్ తొక్కుకుంటూ అతని ముందుకు వెళ్లాను.

పురుగు తోక అతని పళ్ల మధ్య ఉంది. ఎడమచేత్తో కొక్కేన్ని తలలోకి దింపుతున్నాడు. వాసనకు కళ్లు కారుతున్నాయి. మెత్తటి పురుగులైతే పళ్లకు తెగిపోతాయి. కొట్టులో అతను ఏరింది చేప నోటికి కాదు, తన నోటికి. గట్టిగా ఉన్నది ఆ వెల్లుల్లి రకం ఒక్కటే మరి.

ఆ రోజు పడింది ఒకే ఒక్క చేప, అదీ జానెడు. దాన్నీ వదిలేశాడు.

అక్క గుమ్మంలోనే కాచుకుని ఉంది.

"నేను ముట్టుకోలేదక్కా" అన్నాను.

"మీరిద్దరూ తోడుదొంగలు. నా చెవిలో పువ్వేమైనా కనబడుతోందా?"

బావ వంగి, ఆమె మొహం మీద "హా" అని ఊదాడు.

అక్క ఒక అడుగు వెనక్కి వేసింది. అతని పెదవుల వంక చూసింది, వేలాడుతున్న కుడిచేతి వంక చూసింది. అర్థమయ్యాక అతని మొహం రెండు చేతుల్లోకి తీసుకుని ఏడ్చేసింది. నాకూ ఏడుపు ఆగలేదు.

"కయాక్ గరాజ్‌లో పెట్టేయరా వెస్లీ, మళ్లీ శనివారం కావాలిగా" అంది కళ్లు తుడుచుకుంటూ. తర్వాత బావతో అంది: "రాత్రి స్పగెటీలో వెల్లుల్లి వేస్తున్నా. నోరెత్తకుండా తిను."