యూనిఫాం విప్పిన రోజు

డ్యూటీ మార్చుకోవాలంటే అద్నాన్‌ని అడగాలి. అడగాలంటే కారణం చెప్పాలి. నారాయణప్పకు మింగుడుపడనిది ఆ కారణమే.

ఖతర్‌లోని ముషైరిబ్‌లో ఒక ఆఫీసు భవనానికి ఇద్దరూ సెక్యూరిటీ గార్డులు. నారాయణప్పది అనంతపురం జిల్లా, అద్నాన్‌ది పాకిస్తాన్‌లోని చక్వాల్. కంపెనీ ఇచ్చిన క్యాంపులో ఒకే గది. పైమంచం అద్నాన్‌ది, కిందిమంచం నారాయణప్పది. ఇద్దరూ ఒకప్పటి సైనికులే. ఆ సంగతి ఒకరికొకరు చెప్పుకోలేదు. పొద్దున లేచి దుప్పటి అంచులు కలిపి మడిచే తీరు చూస్తే చాలదా? కీళ్ళనొప్పులు, పిల్లల చదువులు, అన్నీ మాట్లాడుకునేవారు. కార్గిల్ జరిగిన సంవత్సరం మాత్రం ఆ గదిలో లేదు. ఇద్దరి వయసూ ఆ సంవత్సరానికి సరిపోతుంది. అందుకే, నిద్రపోతున్న మనిషిని తొక్కకుండా తప్పుకున్నట్టు, దాని పక్కగా నడిచేవారు.

ఆ కారణం మొహియుద్దీన్ ఫోన్‌తో వచ్చింది. కరీంనగర్ వాడు. ఆర్మీలో లారీ నడిపి రిటైరై, ఇక్కడ ఒక ఖతరీ ఇంట్లో డ్రైవరు.

"నారాయణప్పా, జనవరి పద్నాలుగో తారీకు మాజీ సైనికుల దినోత్సవం. సాయంత్రం హోటల్ మేడ మీద కూడుతున్నం. పోయినేడు గూడ డ్యూటీ అని తప్పించుకున్నవ్."

"ఏం చేస్తారప్పా ఆడ? ఉపన్యాసాలా?"

"ఉపన్యాసం చెప్పెటోన్ని గల్లపట్టి కూసోవెడ్తం. ఒక్కొక్కలు లేశి, పోయిన దోస్తు పేరు చెప్పాలె. పేరు, ఊరు. గంతే. మెడల్స్ పెట్టుకొని రా."

నారాయణప్ప చెప్పాల్సిన పేరు ఒకటే. ఆంజి. ఫిరంగి దగ్గర పక్కన నిలబడి గుండు అందించినవాడు. కొండ అవతలి నుంచి వచ్చిన గుండు ఒకటి వాణ్ణి తీసుకుపోయింది. అప్పటినుంచీ ఆ పేరును నారాయణప్ప లోపలే పలుకుతున్నాడు. లోపల పలికే పేరు నానాటికీ పలచబడుతోంది. ఈమధ్య ముఖం కూడా సరిగా గుర్తు రావడం లేదు. ఒక్కసారి నలుగురిలో పైకి అంటే ఆ మనిషి నిలుస్తాడేమో.

కానీ అప్పుడు కొండ అవతల ఉన్నదెవరు? పైమంచం మీదివాడు కావచ్చు. కాకపోనూవచ్చు. రెండేళ్ళ స్నేహాన్ని ఆ ప్రశ్న ముందు నిలబెట్టే ధైర్యం అతనికి లేదు.

"కడుపునొప్పి. పద్నాలుగో తారీకు సాయంత్రం ఆసుపత్రికి పోవాలి," అన్నాడు అద్నాన్‌తో, వాళ్ళ మధ్య నడిచే హిందీ ఉర్దూ కలగలుపులో.

అద్నాన్ వెంటనే సరేనన్నాడు. అక్కడితో ఆగితే బాగుండేది. ఆ పూట నుంచి పెరుగన్నం కలిపి పెట్టడం, వాము నీళ్ళు కాచివ్వడం మొదలుపెట్టాడు. ఊరగాయ సీసా ఎత్తి తన పెట్టెలో దాచేశాడు. నారాయణప్ప తన అబద్ధానికి పథ్యం చేయాల్సి వచ్చింది.

పద్నాలుగో తేదీ మధ్యాహ్నం అతను మంచం అంచున కూర్చుని బూట్లకు పాలిష్ పెడుతున్నాడు. తడి దూదితో, బూటు ముక్కు మీద చిన్న చిన్న సున్నాలు చుడుతూ. చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి.

"భాయ్," అన్నాడు పైనుంచి అద్నాన్, "ఆసుపత్రికి పోయేవాడు బూటు దుమ్ము దులుపుకుంటాడు. ముక్కును అద్దం చేసేవాడు పరేడ్‌కు పోతాడు."

నారాయణప్ప చెయ్యి ఆగింది. "ఈ రోజు మా మాజీ సైనికుల దినం," అన్నాడు తల ఎత్తకుండా.

"ఏ యుద్ధం గెలిచిన రోజు?" ఆ గొంతు మామూలుగానే ఉంది. మరీ మామూలుగా ఉంది.

ఇన్ని రోజులూ ఆ తేదీని దాచడమే తప్ప, అందులో ఏముందో తాను విప్పి చూడలేదని నారాయణప్పకు అప్పుడు తట్టింది.

"ఏ యుద్ధమూ కాదు. యాభై మూడులో మా మొదటి భారతీయ సేనాధిపతి కరియప్ప రిటైరైన రోజు. యూనిఫాం విప్పి ఇంటికి పోయిన రోజు."

పైమంచం కిర్రుమంది. అద్నాన్ నవ్వుతున్నాడు. "అంటే మనలాంటి ముసలి గాడిదల రోజు. దేశం రెండు కాకముందు మా తాతదీ అదే ఫౌజ్. మీ జనరల్‌కు సెల్యూట్ కొట్టే ఉంటాడు."

నారాయణప్పకు నవ్వు రాలేదు. "అక్కడ ఒక పేరు చెప్పాలి. తొంభై తొమ్మిదిలో పోయినవాడి పేరు."

ఆ సంవత్సరం గదిలోకి వచ్చేసింది. అద్నాన్ కిందికి దిగి, రెండో బూటు తీసుకుని, నేల మీద కూర్చుని దూది తడిపాడు.

"నేనూ ఆ కొండల్లోనే ఉన్నా."

"నేను ఫిరంగి దగ్గర."

"తెలుసు. ఎడమ చెవి వైపు నుంచి పిలిస్తే నువ్వు పలకవు." బూటు మీంచి చూపు తిప్పకుండానే అడిగాడు: "మీవాడి పేరు?"

"ఆంజి. కదిరి దగ్గర పల్లె."

"ఆంజీ," అన్నాడు అద్నాన్, చివర కొంచెం సాగదీసి. ఇంకొకరి నోట వినేసరికి ముఖం వచ్చేసింది. విరిగిన ముందుపన్ను, బీడీ వాసనతో సహా వచ్చింది.

"మావాడు అర్ఫాత్. గిల్గిత్. కొత్తగా పెళ్ళైనవాడు," అన్నాడు అద్నాన్. "మాకూ సెప్టెంబరులో ఇలాంటి రోజొకటుంది. నేను ఎక్కడికీ పోను. ఇక్కడే పడుకుంటా." బూటు అతని ముందు పెట్టాడు. "యల్లా, లే. గేటు నేను చూసుకుంటా."

హోటల్ మేడ మీద తన వంతు వచ్చినప్పుడు నారాయణప్ప లేచి, "ఆంజి, కదిరి," అన్నాడు. కూర్చోబోయి, మళ్ళీ నిటారుగా నిలబడ్డాడు.

"అర్ఫాత్."

"గాయన ఏ రెజిమెంట్?" అడిగాడు మొహియుద్దీన్.

"కొండకు అవతలి వైపు."

వెనక ఎవరో కుర్చీ జరిపి, మళ్ళీ ఆగిపోయారు. మొహియుద్దీన్ అతని వైపు తిరిగాడు.

"పేరు చెప్పినవ్," అన్నాడు. "ఊరు గూడ చెప్పు."

"గిల్గిత్," అన్నాడు నారాయణప్ప.

అతను కూర్చున్నాక పక్కవాడు లేచాడు.