హంతకుడి పేరు

మ్యాట్నీ మొదలై ఇరవై నిమిషాలైంది. పదకొండేళ్ల కిందట పోయిన దర్శకుడు పరాంకుశం గారు నా పక్క కుర్చీలో కూర్చుని, తన చివరి సినిమాలో దయ్యం మెట్లు దిగడం చూస్తున్నారు. హాలు విజయవాడదే, కానీ గోడలు మా పత్రికాఫీసువి, కుర్చీలన్నీ ఖాళీ, అయినా దయ్యం కనిపించినప్పుడల్లా వెనక వరుసల్లోంచి జనం కేకలు వినిపిస్తున్నాయి.

"ఏమోయ్ విలేకరీ, భయమేస్తోందా?"

"లేదండీ."

"ఎందుకేస్తుంది? చంపిందెవరో నీకు ముందే తెలుసుగా. ఊరందరికీ చెప్పిందే నువ్వాయె!"

ఆయన నవ్వుతున్నారు. నేను నవ్వలేకపోతున్నాను. ప్రివ్యూ చూపించి, ముగింపు రాయొద్దని ఆయన నా దగ్గర మాట తీసుకున్నారు, నేను విడుదల రోజు సమీక్షలోనే హంతకుడి పేరు రాశాను, నాలుగో రోజుకి హాళ్లు ఖాళీ అయ్యాయి, ఆ తర్వాత ఆయనకు ఎవరూ సినిమా ఇవ్వలేదు. క్షమించమని అడగబోతే ఆయన కుర్చీ రెండు వరుసలు ముందుకు జరిగిపోతోంది, నేను వంగి వంగి మాట్లాడుతున్నాను.

"తప్పయిపోయింది గురువుగారూ."

"నీ ధర్మమా అని పోస్టర్ల మీద బొగ్గుతో ఆ పేరు రాసేశారోయ్. హీరోయిన్ నుదుటి మీద! ఏలూరు రోడ్డు పొడుగునా నేనే తుడిచాను, తడిగుడ్డ పెట్టి."

"ఇప్పుడేం చెయ్యమంటారు?"

"చూడనివాళ్లు ఇంకా ఉన్నారోయ్. వాళ్లనైనా భయపడనీ."

"ఈసారి రాయనండీ. ఒట్టు."

ఆయన వెనక్కి తిరుగుతున్నారు. తెర వెలుగు పడిన చోట ముఖం లేదు, గొంతు మాత్రం ఉంది. "అప్పుడూ ఇదే మాటన్నావు," అంటున్నారు, తలుపులు ఒక్కొక్కటే మూసుకుంటున్నాయి, ఆఖరి రీలు మొదలవుతోంది.

సాయంత్రం నాలుగున్నరకు ఆఫీసు కుర్చీలో మెలకువ వచ్చింది. బల్ల మీద ఆదివారం అనుబంధం పేజీ నకలు ఉంది. పరాంకుశం గారి పాత దయ్యాల సినిమాల మీద పొద్దున నేను రాసిచ్చిన వ్యాసం అందులో ఉంది. చదివాను. నాలుగో పేరాలో హంతకుడి పేరు ఉంది.

డెస్కుకు ఫోన్ చేశాను. సబ్ ఎడిటర్ సుభాషిణి ఎత్తింది. నాలుగో పేరాలో ఆ పేరు తీసేయమన్నాను.

"ఆ పేజీ నాలుగింటికే అచ్చయిపోయిందండీ," అంది. "నేనింకా ఆ సినిమా చూడలేదు."