ఎవరు తినొద్దన్నారు?

“పొయ్యి ముందు నిలబడి కూడా పాలు పొంగించే మనిషిని నిన్నే చూశానమ్మా!” అంది నిర్మలాదేవి.

కోడలు సాయిప్రియ మసిగుడ్డ అందుకుంది. కాపురానికొచ్చిన దగ్గర్నుంచీ ఇదే వరస. తాళాలు ఫ్రిజ్‌లో దొరుకుతాయి, తను పాఠాలు చెప్పే బడిలో దిద్దిన పేపర్లు అక్కడే ఎక్కడో పోతాయి. బుర్ర లేదని అత్తగారు, ఒళ్ళు దగ్గరపెట్టుకోమని మొగుడు. నిజమే కాబోలనుకుని సిగ్గుతో చచ్చేది. మొన్నామధ్య ఖమ్మంలో డాక్టరమ్మ దానికో పేరుందని చెప్పింది. ఏడీహెచ్‌డీ అట. మనసు ఒకచోట నిలవకపోవడం పుట్టుకతోనే వచ్చిందట. మాత్ర రాసిచ్చి, “ఇది ఏసుకుంటే ఆకలి సచ్చిపోతది. గందుకే ముందు తినాలె. గుడ్లో, పెసరట్టో కడుపునిండా తిను. ఉత్త చాయ్ తాగి ఉరకకు,” అని మరీమరీ చెప్పింది.

చెప్పడానికేం, ఆవిడ చెప్పింది! అశ్వారావుపేటలో పామాయిల్ తోటలున్న ఆ ఇంట్లో కోడలు ముందు తినడమన్నది ఎవరూ ఎరగరు. మామగారు తోట నుంచి రావాలి, అత్తగారి పూజ కావాలి, మొగుడు వెంకటకృష్ణ ఫోన్ చూసుకుంటూ నింపాదిగా తినాలి. ఈలోగా బడికి వేళవుతుంది. పరగడుపునే మాత్ర మింగేస్తుంది. తన వంతు వచ్చేసరికి అట్టును చూస్తే వెగటు పుడుతుంది.

అందుకని దొంగతిండికి దిగింది. ఉడికిన గుడ్డు చున్నీలో దాచుకుని, స్నానాలగదిలో గడియపెట్టి, పంపు విప్పి గబగబా మింగేది. తూములో పెంకులు అడ్డం పడి ఒకనాడు దొరికిపోయింది.

“ఇదేం ఖర్మ! కోడలికి కడుపు మాడుస్తున్నామని ఊళ్ళో అనుకోవాలా?” అని అత్తగారు తోటపని వాళ్ళ ఎదుటే నిలదీసింది.

వెంకటకృష్ణ పెద్దగా నవ్వాడు. “ఎవరు తినొద్దన్నారే నిన్ను? అందరూ తిన్నాక కుదురుగా కూర్చుని తిను.”

అక్కడున్న వాళ్ళంతా నవ్వారు. సాయిప్రియకు తల కొట్టేసినట్టయింది. గుడ్డు మానేసింది.

ఆ వారంలోనే ఒక సాయంత్రం, ట్యూషన్ నుంచి కూతుర్ని తీసుకురావడం మరిచిపోయి ఒక్కతే స్కూటీ మీద ఇంటికొచ్చేసింది. అప్పటికి పొద్దుట్నుంచీ ఆమె తిన్నది ఏమీ లేదు. తలంతా మొద్దుబారి ఉంది. మసక చీకట్లో, పామాయిల్ గెలల లోడు ట్రాక్టర్లు తిరిగే రోడ్డు మీద పిల్ల ఏడుస్తూ నడిచొచ్చింది.

“కన్నపిల్లను మరిచిపోయేదాన్ని తల్లంటారా?” అన్నాడు వెంకటకృష్ణ.

తండ్రికి బండి లేదా, దారి తెలియదా అన్న మాట సాయిప్రియ మనసులోనే ఉండిపోయింది. పిల్ల దుమ్ముకాళ్ళు కడుగుతూ కుళ్ళికుళ్ళి ఏడ్చింది. ఆ ట్రాక్టర్ల కింద ఏమన్నా అయ్యుంటే? పరువు పోతుందని తను గుడ్డు మానేసిందే! పరువుకేం, అది భద్రంగానే ఉంది.

మర్నాడు పూజగంట ఇంకా మోగుతుండగానే కంచం పెట్టుకుని టేబుల్ దగ్గర కూర్చుంది. పెసరట్టు, రెండు గుడ్లు.

“అదేంటమ్మా, ఇంకా మగాళ్ళు తినందే!” హారతి పళ్ళెంతో వచ్చిన అత్తగారు గుమ్మంలోనే ఆగిపోయింది.

“అవునత్తయ్యా.”

“మరి నాకు టిఫిను?” వెంకటకృష్ణ ఫోన్లోంచి తలెత్తాడు.

“పిండి గిన్నెలో ఉందండీ. పెనం వేడిగానే ఉంది.”

చెవులు కాలిపోతున్నాయి. ఎవరి మొహమూ చూడలేకపోయింది. సిగ్గు పోయాక తిందామనుకుంటే ఈ ఇంట్లో ఏనాటికీ తినడం కుదరదు. సిగ్గుపడుతూనే రెండో గుడ్డు ఒలుచుకుంది.